అడగవలసింది వేదిక మీదివాళ్ళని

బాబూ,

యవ్వనస్తుల కూటానికి నిన్ను నాయకుడిగా ఎన్నుకున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషించాను. నీ వయసుకి బరువైన పనే, అయినా మొయ్యగలవు. ఆ మర్నాడు నువ్వే ఫోన్ చేసి అడిగిన మాట మాత్రం నన్ను వదలడం లేదు. "పెద్దమ్మా, వివేచన ఉండాలంటారు, తీర్పు తీర్చకూడదంటారు. తప్పుని తప్పంటే తీర్పు తీర్చడానికి నువ్వెవడివంటారు. ఊరుకుంటే వీడికి వివేచన లేదంటారు. ఏటి చెయ్యమంటావు?" అన్నావు. ఫోనులో తేలే సంగతి కాదని అప్పటికి దాటేశాను. ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నేను నర్సుగా పనిచేసి రిటైరయినదాన్ని. వేదాంత కళాశాల గుమ్మం తొక్కలేదు. శ్రీకాకుళం, విజయనగరం సంఘాల్లో బెంచీ మీద కూర్చుని చూసింది, వాక్యంలో చదువుకుంది, ఇవే నా దగ్గరున్నవి. వాటిని బట్టి చెబుతున్నాను. వివేచనకీ తీర్పుకీ తేడా మనవాళ్ళకి తెలుసు. వాటిని వాడవలసిన చోట్లే తారుమారయ్యాయి. మైకు పట్టుకున్నవాడి దగ్గర, కారులో దిగినవాడి దగ్గర, ఫ్లెక్సీలో నిలువెత్తు ఫొటో పడ్డవాడి దగ్గర తీర్పు తీర్చకూడదంటూ తలొంచుకుంటాం. వెనక బెంచీలో కూర్చున్న విధవరాలి దగ్గర, ఆదివారం పని మానలేని కూలిమనిషి దగ్గర, కొత్తగా వచ్చిన పిల్ల నుదుటి బొట్టు దగ్గర మాత్రం మనకి ఎక్కడలేని వివేచనా పుట్టుకొస్తుంది. ప్రభువు చేసింది దీనికి సరిగ్గా ఎదురు.

మత్తయి ఏడో అధ్యాయం తీసి మొదటినుంచి చివరిదాకా ఆగకుండా చదువు. దూలం, నలుసు సంగతి మొదటి ఐదు వచనాల్లో ఉంది. అందరూ అక్కడే పుస్తకం మూసేస్తారు. అదే అధ్యాయంలో పదిహేనో వచనానికి వచ్చేసరికి, గొర్రెతోలు కప్పుకుని వచ్చే తోడేళ్ళ విషయంలో జాగ్రత్తగా ఉండమని, ఫలాన్ని బట్టి చెట్టుని తెలుసుకోమని ఆయనే చెబుతున్నాడు. ఒకే కొండ మీద, ఒకే ప్రసంగంలో చెప్పిన మాటలివి. కంట్లో నలుసున్నవాడు ఎవడు? మన పక్కన కూర్చునే సహోదరుడు. తోడేలు ఎవడు? ప్రవక్తనంటూ మంద ముందుకి వచ్చేవాడు. పక్కవాడి దగ్గర ముందు నీ కన్ను తుడుచుకోమన్నాడు, ముందుకి వచ్చేవాడి దగ్గర కళ్ళు తెరుచుకోమన్నాడు. మార్కు సువార్త పన్నెండో అధ్యాయం చివర కూడా ఇదే వరస కనిపిస్తుంది. పొడుగాటి ప్రార్థనలు చేస్తూ విధవరాళ్ళ ఇళ్ళు దిగమింగే శాస్త్రుల గురించి హెచ్చరించాక, ఆయన కళ్ళు కానుక పెట్టెలో రెండు చిన్న నాణేలు వేసిన ఒక బీద విధవరాలి మీద పడ్డాయి. శాస్త్రుల్ని పరీక్షించాడు. ఆమెని ఒక్క ప్రశ్న అడగలేదు, శిష్యుల్ని పిలిచి మరీ మెచ్చుకున్నాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తారుమారైతే ప్రాణాలు పోతాయి. ఉద్దానంలో పోయాయి.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు నీకు కొత్త కాదు. కొబ్బరి తోటలు, జీడి తోటలు, పనసచెట్లు. చూసేవాళ్ళకి స్వర్గం. ఆ తోటల్లోనే దశాబ్దాలుగా మూత్రపిండాల జబ్బు ఇంటింటినీ పట్టుకుంది. షుగరు లేనివాళ్ళకీ, బీపీ లేనివాళ్ళకీ, ఒళ్ళొంచి పనిచేసే మధ్యవయసు మనుషులకీ వస్తోంది. నీళ్ళన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో దాహం చంపుకుని పనిచేయడమన్నారు. ఎంతోమంది వచ్చి రక్తం, నీళ్ళు, మట్టి పట్టుకెళ్ళి పరీక్షించారు. ఇదే కారణమని ఒక్కటీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళకి ప్రభుత్వం నెలకి 10,000 రూపాయల పింఛను ఇస్తోంది.

డాక్టర్లకి అంతుపట్టని కారణం మన విశ్వాసులు కొందరికి చిటికెలో తెలిసిపోతుంది. "ఆ ఇంట్లో ఏదో పాపం ఉంది, ఒప్పుకోవడం లేదు" అంటారు. ఇది తీర్పు, బాబూ. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఇతని పాపమా, తల్లిదండ్రుల పాపమా అని శిష్యులు అడిగితే ప్రభువు రెండూ కాదన్నాడు. యోబు స్నేహితులు వారం రోజులు నోరు మూసుకుని అతని పక్కన నేల మీద కూర్చున్నంతసేపూ మంచివాళ్ళే. నోరు తెరిచి కారణం చెప్పడం మొదలెట్టాక చెడ్డారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరిచెట్లని కూల్చేసినప్పుడు కూడా ఇలాంటి మాటలు విన్నాను. ఏ ఊరు ఎక్కువ మునిగిందో ఆ ఊరి పాపం ఎక్కువట. సిలోయము గోపురం కూలి చచ్చిపోయినవాళ్ళు మిగతావాళ్ళకంటే పాపులేమీ కాదని ప్రభువు ఏనాడో చెప్పాడు. ఆ మాట చదివినవాళ్ళ నోటంట ఇలాంటి మాటలు రావడం నాకు కడుపు మండిస్తుంది.

ఇక రెండో వైపు చూడు. నాకు దూరపు చుట్టం ఒకాయన డయాలిసిస్ మీద ఉండేవాడు. ఒక స్వస్థత కూటానికి తీసుకెళ్ళారు. ఎవరు పెట్టిన కూటం, ఎవరొచ్చి మాట్లాడారు అన్నది ఇక్కడ అనవసరం. వేదిక మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి, నమ్మినవాడికి సూదులతో పనేమిటన్నారు. ఇంటికొచ్చి ఆయన భార్య నాకు ఫోన్ చేసింది. "అప్పా, ఈయన ఇంక ఆసుపత్రికి ఎల్లనంతన్నాడు. ఒళ్ళు తేలిగ్గా ఉందంతన్నాడు. ఏటి చెయ్యమంతావు?" అంది.

ఒళ్ళు తేలిగ్గా ఉండడం నిజమే. అంతకు ముందురోజే డయాలిసిస్ అయింది మరి. డయాలిసిస్ మీద ఉన్న మనిషికి వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు రక్తం శుభ్రం చేస్తారు. చేసిన తర్వాత ఒకటి రెండు రోజులు మనిషి తేటగా ఉంటాడు. ఆ తేటదనం చూసే సాక్ష్యం చెప్పిస్తారు. ఆపేస్తే ఒంట్లో నీరు నిలవుండిపోతుంది, ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం పుట్టిస్తుంది. రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది, ఒక్కసారిగా ఆగిపోనూ వచ్చు. సాక్ష్యం విని చప్పట్లు కొట్టినవాళ్ళు అయిదో రోజుకి ఆ ఇంట్లో ఉండరు. నేను ఆ సంఘం పెద్దలకి ఫోన్ చేసి, వేదిక మీద నుంచే మందులు ఆపొద్దని చెప్పించమని బతిమాలాను. "దైవజనుడి మాట మీద మనం తీర్పు తీర్చకూడదమ్మా" అన్నారు. మా చుట్టం చనిపోయాడు. ఆ పెద్దల్లోనే ఒకరు సమాధుల తోటలో, విశ్వాసం చాలలేదు పాపం, అన్నారు.

చూశావా? పరీక్షించవలసిన మాటని తీర్పు పేరు చెప్పి వదిలేశారు. ఓదార్చవలసిన మనిషికి చచ్చాక కూడా తీర్పు తీర్చారు. నేను స్వస్థతని నమ్ముతాను. రోగుల మంచాల పక్కన మోకాళ్ళూని ప్రార్థన చేసినదాన్ని, డాక్టర్లు ఆశ వదులుకున్నవాళ్ళు లేచి నడవడం కళ్ళారా చూసినదాన్ని. ప్రభువు బాగుచేసిన కుష్ఠరోగిని యాజకుడి దగ్గరికి వెళ్ళి కనబడమన్నాడు. ఆ కాలానికి అదే పరీక్ష. దేవుడు నిజంగా చేసిన పని పరీక్షకి భయపడదు. మూత్రపిండాలు బాగయితే క్రియాటినిన్ చెబుతుంది. డాక్టరు చూసి ఇక డయాలిసిస్ అక్కర్లేదన్న రోజున అందరికంటే ముందు నేను హల్లెలూయా అంటాను.

ఇక్కడ నీకు ఒక మాట అడ్డం వేస్తారు. అభిషిక్తుణ్ణి ముట్టకూడదు అంటారు. దావీదు సౌలుని చంపకుండా వదిలేశాడు, నిజమే. గుహలోంచి బయటికొచ్చి సౌలుని కేకేసి పిలిచి, చేతిలో కోసిన చెంగు చూపిస్తూ, నాకు నువ్వు చేస్తున్నది అన్యాయమని గట్టిగా చెప్పాడు కూడా. కత్తి ఎత్తలేదు, నోరు మూసుకోలేదు. ఆ దావీదే రాజై తప్పు చేస్తే నాతాను ఎదురుగా నిలబడి చెప్పాడు. అంతియొకయలో పేతురు తప్పటడుగు వేస్తే పౌలు అందరి ముందూ అడిగాడు. బెరయ వాళ్ళయితే సాక్షాత్తు పౌలు చెప్పిందే లేఖనాల్లో ఉందో లేదో రోజూ వెతికి చూసుకున్నారు. లూకా వాళ్ళని ఘనులన్నాడు తప్ప గర్విష్ఠులనలేదు. సంఘంలో ప్రవక్తలు మాట్లాడితే మిగిలినవాళ్ళు తూచి చూడాలని పౌలే కొరింథుకి రాశాడు.

ఆ తర్వాతి తరం కూడా ఈ అలవాటు వదలలేదు. మొదటి శతాబ్దం చివరిదో, రెండో శతాబ్దం మొదట్లోదో అయిన చిన్న పుస్తకం ఒకటుంది, దిదాఖే అంటారు. చాలాకాలం కనబడకుండా పోయి, 1873లో దొరికింది. ఊళ్ళు తిరిగే బోధకుల్ని ఎలా చేర్చుకోవాలో అందులో సంఘాలకి చెప్పారు. వచ్చినవాణ్ణి ప్రభువులాగే చేర్చుకోమన్నారు, ముందు ఆదరణ. ఒకరోజు ఉండొచ్చు, అవసరమైతే రెండో రోజు. మూడో రోజు కూడా కదలకపోతే, వెళ్తూ వెళ్తూ డబ్బడిగితే, వాడు అబద్ధ ప్రవక్త అని తెలుసుకోమన్నారు. ఎంత పేదవాళ్ళు రాసుకున్న నియమమో చూడు! మన పల్లెల్లో ఉపవాస కూటాలకి వచ్చేవాళ్ళని ఎలా చూసుకోవాలో పందొమ్మిది వందల ఏళ్ళ క్రితమే మనలాంటివాళ్ళు ఆలోచించారు.

అయితే అడగడానికి కూడా ఒక పద్ధతి ఉంది. పెద్ద మీద నేరం వస్తే ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే వినొద్దని పౌలు తిమోతికి రాశాడు. ఎవడో పంపిన వీడియో చూసి ఒక సేవకుణ్ణి దొంగ అనడానికి నీకు హక్కు లేదు. ఆయన హృదయంలో ఏముందో, చివరికి ఆయన ఎక్కడికి వెళ్తాడో అసలే నీ పని కాదు. ఆయన చెప్పిన బోధ, పట్టుకున్న డబ్బు, ఆయన మాట విన్నవాళ్ళకి జరిగింది, ఈ మూడే నీకు అందేవి. నీ ప్రశ్నలు అక్కడితో ఆగాలి. ఇంకో గుర్తు చెబుతాను. ఒక సేవకుడి తప్పు బయటపడిందని తెలిసినప్పుడు నీలో ఏ మూలనైనా సంతోషం కదిలితే ఆ రోజు ఆ విషయం మాట్లాడకు. మర్నాడు ప్రార్థన చేసుకుని మాట్లాడు. ఈమధ్య మీ వయసు పిల్లలు కొందరు ఫలానా పాస్టరుని ఎలా బయటపెట్టారో చూపించే వీడియోలు రాత్రంతా చూస్తున్నారు. దాన్ని వివేచన అనుకుంటున్నారు. తెల్లారేసరికి వాళ్ళ నోట్లో ఒక్క మంచి మాట మిగలడం లేదు.

మన విజయనగరం వాళ్ళకి ఈ పాఠం బైబిలు బయట కూడా దొరుకుతుంది. గురజాడ వారి కన్యాశుల్కం 1892లో ఆ ఊళ్ళోనే మొదటిసారి ఆడారు. 1909లో తిరగరాసి పెంచారు. అందులో సౌజన్యారావు పంతులు అనే వకీలు ఉంటాడు. నిజాయితీపరుడు, దయగలవాడు, నాటకంలో అందరికంటే మంచివాడు. వేశ్య నీడ కూడా పడకూడదన్న నియమం పెట్టుకున్నాడు. అంత మంచివాడూ గిరీశం చేతిలో మోసపోయాడు. ఎందుకంటే గిరీశం సంస్కరణ భాష మాట్లాడతాడు, ఉపన్యాసాలిస్తాడు, సరైన మాటలన్నీ వాడికి నోటికొచ్చు. చివరికి గిరీశం ఎవరో పంతులుగారికి తెలిసింది మధురవాణి వల్ల. ఊరంతా కొట్టిపారేసిన ఆ మనిషి దగ్గరే నిజం ఉంది. నీతిమంతుడైన ఒక మనిషి పరీక్షించవలసినవాణ్ణి పరీక్షించకుండా నమ్మాడు, వినవలసిన మనిషిని ముందే దోషి అనుకున్నాడు. సీమోను ఇంట్లో భోజనం బల్ల దగ్గర అత్తరుబుడ్డితో వచ్చిన స్త్రీ కథ కూడా ఇదే కదా. గురజాడ వారు లూకా సువార్త చదివి రాశారని నేననడం లేదు. మనిషి నైజం యూదయలోనూ విజయనగరంలోనూ ఒకటేనని అంటున్నాను.

ఇప్పుడు నీ కూటం సంగతికి వస్తాను. క్వయరులో పాడే అమ్మాయి బొట్టు పెట్టుకుని వస్తోందని, తీసేదాకా పాడనివ్వకూడదని కొందరు అంటున్నారని మీ అమ్మ చెప్పింది. నువ్వూ కొంత ఆ వైపే ఉన్నావని అర్థమైంది. ఆ అమ్మాయి ఏ ఇంట్లోంచి వస్తోందో నీకు తెలుసా? అత్తగారు హిందువు, మొగుడికి ఇష్టం లేదు. ఆదివారం పొద్దున్న అన్నం కూర వండిపెట్టి, మాట పడి, గుడికొస్తోంది. ఆ బొట్టు తీయించి నువ్వు ఆమెకి పరిశుద్ధత ఇవ్వవు, ఇంట్లో ఇంకో దెబ్బ ఇప్పిస్తావు. బాప్తిస్మం తీసుకునే రోజుకి ఆమే ఆలోచించుకుంటుంది, మన ఆడవాళ్ళు పక్కన కూర్చుని మాట్లాడతారు. ఒకడు అన్నీ తింటాడు, ఒకడు కూరగాయలే తింటాడు, ఇంకొకరి సేవకుడికి తీర్పు తీర్చడానికి నువ్వెవరని రోమా పత్రిక పద్నాలుగో అధ్యాయంలో పౌలు గట్టిగానే అడుగుతాడు. నిలబడినా పడినా అతని యజమాని చూసుకుంటాడు.

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళని చూశావా? పిక్క తొక్కలోంచి కారే నూనె చర్మాన్ని కాలుస్తుంది, వేళ్ళు నల్లబడిపోతాయి. ఆ చేతులతోనే ప్రభు బల్ల అందుకుంటారు. సరుకు తొందరుంటే ఆదివారం కూడా రమ్మంటారు, రాకపోతే మర్నాడు పని ఉండదు. మత్స్యకార పల్లెల నుంచి మగవాళ్ళు నెలల తరబడి గుజరాత్ వేరావల్ వెళ్ళి పడవల మీద ఉంటారు. చెన్నై, హైదరాబాదు పనులకి పోయేవాళ్ళు సరేసరి. హాజరు పుస్తకంలో వాళ్ళ పేరు పక్కన ఎర్ర సిరా పడుతుంది. ఆదివారం తప్పని ఆసామి మాత్రం కూలీకి ఎంతిస్తాడో ఎవరూ అడగరు. యాకోబు అడిగాడు, పత్రిక అయిదో అధ్యాయంలో. పొలం కోసినవాళ్ళ కూలి బిగపట్టిన ధనికుల మీద ఆయన మాటలు చదివితే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. బల్ల నుంచి ఆపడమనే శిక్ష మన సంఘాల్లో పాతకాలం నుంచి ఉంది. నేను చూసినంతలో అది పేదవాళ్ళకే ఎక్కువ పడింది.

ఇంకో సున్నితమైన విషయం. సర్టిఫికెట్టులో ఒక మతం, గుడిలో ఒక మతం అని కొందర్ని వేదిక మీద నుంచి ఎత్తిపొడుస్తారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలని బీసీ-సీలో పెట్టి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. అదే సీతంపేట కొండల్లో సవర విశ్వాసికి ఈ బాధ లేదు, ఎస్టీ హోదా మతంతో పోదు. అంటే ఒకరికి బాప్తిస్మం ఖరీదు పిల్లవాడి చదువు, ఇంకొకరికి ఏమీ కాదు. అబద్ధం చెప్పమని నేను ఎవరికీ సలహా ఇవ్వను, చెప్పి పోగొట్టుకున్నవాళ్ళ ముందు తలవంచుతాను. కానీ ఆ ఖరీదు కట్టే అవసరం పుట్టుకతోనే లేనివాళ్ళు వేదిక ఎక్కి, కట్టలేకపోయిన తండ్రిని వేషధారి అంటుంటే నేను వినలేను. ఆ చట్టం న్యాయమా అని అడగడం వివేచన. ఆ తండ్రి రక్షణ పొందాడా లేదా అని తేల్చడం మనకెవరూ ఇవ్వని పని.

కులం మాట వచ్చింది కాబట్టి పురుషోత్తమ చౌదరి గారిని తలుచుకోవాలి. మన కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా పుటల్లో ఆయన పేరు కనిపిస్తుంది. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన కులాచార పరీక్ష అనే పుస్తకం కూడా రాశారు. ఏ మెట్టు మీద తను పుట్టారో ఆ మెట్టునే పరీక్షకి పెట్టారు. తన వైపు నుంచి మొదలెట్టిన పరీక్ష అది, అందుకే దానికి విలువ. రెండు వందల ఏళ్ళు కావస్తోంది, మన సంఘాల్లో పెళ్ళిసంబంధం రాగానే ఇంకా మొదటి ప్రశ్న కులమే. నీ కూటం పిల్లలకి వివేచన నేర్పాలంటే ఇక్కడ మొదలెట్టు. అమ్మాయిల నుదురు కంటే ఇది చాలా లోతైన సంగతి, అడగడానికి చాలా ధైర్యం కావాలి.

పండగల గురించి కూడా అడిగావు. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను తిరిగేటప్పుడు విజయనగరమంతా వీధుల్లోనే ఉంటుంది. మన పక్కింటివాళ్ళు ప్రసాదం పంపుతారు. నేను తీసుకోను. ఎందుకు తీసుకోనో వాళ్ళకి తెలుసు, నొచ్చుకోరు. ఆ సాయంత్రం వాళ్ళ పిల్లలు మా ఇంట్లోనే ఆడుకుంటారు. బయటివాళ్ళకి తీర్పు తీర్చడం తన పని కాదని పౌలు స్పష్టంగా రాశాడు. లౌడు స్పీకరు పెట్టి పక్కవీధి దేవతని తిట్టడంలో ఏ సువార్తా లేదు, బాబూ. ఏథెన్సులో అన్ని విగ్రహాల మధ్య నిలబడి కూడా పౌలు మర్యాదగానే మాట మొదలెట్టాడు.

ప్రార్థన అంశం పేరుతో వాట్సాప్‌లో ఇంకొకరి ఇంటి గొడవ పెట్టనివ్వకు, నీ గ్రూపులో ఆ ఒక్కటీ ఆపగలిగితే సగం పాపం ఆగుతుంది. సహోదరుడిలో నిజంగా తప్పు కనిపిస్తే మత్తయి పద్దెనిమిదో అధ్యాయం చెప్పినట్టు ఒంటరిగా వెళ్ళి మాట్లాడు. గలతీయులకి రాసినట్టు మెత్తని మనసుతో వెళ్ళు, పడ్డవాణ్ణి లేపడానికి వెళ్ళు.

చివరగా మీ సంఘంలో పెట్టబోయే స్వస్థత కూటం సంగతి. పోస్టర్లు అచ్చుకి ఇవ్వబోతున్నారని విన్నాను. ఇచ్చేలోపు మీ పాస్టరు గారి ఇంటికి నువ్వొక్కడివే వెళ్ళు, మర్యాదగా కూర్చుని మాట్లాడు. వచ్చే బోధకుడు ఏ సంఘానికి జవాబుదారీ, తప్పు చేస్తే ఆయన్ని పిలిచి అడిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడుగు. కానుక సంఘం ఖాతాలోకి రసీదుతో వెళ్తుందా, ఎవరో ఒకరి సొంత ఫోను నంబరుకి వెళ్తుందా అని అడుగు. మందులు, డయాలిసిస్ ఎవరూ ఆపొద్దని ఆయన వేదిక మీద తన నోటితో చెబుతాడా అని అడుగు. ఈ మూడోది మాత్రం వదలకు, ఎంత కోప్పడినా. సరైన జవాబులొస్తే పోస్టరు వేయించు, నేనూ వచ్చి ముందు వరసలో కూర్చుంటాను. రాకపోతే కూటం వద్దని పెద్దల ముందు కారణంతో సహా చెప్పు, ఆయన పేరు ఊళ్ళో మాత్రం తిప్పకు. నిన్ను తీర్పరి అంటారు, పడు. పెద్దలు వినకుండా కూటం పెట్టేస్తే నువ్వు మానేసి ఇంట్లో కూర్చోకు. పందిరి గుమ్మం దగ్గర మన పిల్లల్ని నలుగుర్ని నిలబెట్టి, డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళ పేరు, ఊరు, మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాల్సిన తేదీ రాయించు. ఆ తేదీ పొద్దున్నే ఒక్కొక్కరి ఇంటికీ ఆటో పంపించు. ఆటో డబ్బులు మా స్త్రీల సమాజంలో అడిగి నేను పంపిస్తాను.

మీ పెద్దమ్మ